ఇంట్లో నెట్ సరిగా రావట్లేదా? ముందు కొలవండి, తర్వాతే ఖర్చు పెట్టండి



“నెట్ రాలేదు సార్.” హోంవర్క్ అప్‌లోడ్ కాకపోయినా, ఆన్‌లైన్ టెస్టు మధ్యలో ఆగిపోయినా క్లాసులో వినిపించే మాట ఇదే. అది నిజమో, సాకో టీచర్‌కు తెలియదు. చాలాసార్లు మీకూ తెలియదు. దాంతో నిజం చెప్పిన పిల్లలు కూడా అబద్ధం చెప్పినవాళ్లలా తల దించుకుని నిలబడాల్సి వస్తుంది. ఇంకోవైపు, నెట్ బాగుపడుతుందన్న ఆశతో పెద్ద ప్లాన్ వేయించడం, కొత్త ఫోన్ కొనడం, ఎవరో చెప్పారని ఏదో పరికరం తెప్పించడం జరుగుతుంటాయి. డబ్బు పోతుంది, వీడియో మాత్రం అలాగే తిరుగుతూ ఉంటుంది.

2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లు ఉండేవి. నెట్ లేని ఇంట్లో కూడా టీవీ పెడితే పాఠం వచ్చేది. ఇప్పుడు వర్క్‌షీటు, రివిజన్ వీడియో, ప్రాక్టీస్ టెస్టు అన్నీ ఫోన్‌లోకే వచ్చేశాయి. ఆత్మకూర్ (ఎస్) లాంటి మండల కేంద్రంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ చాలా ఇళ్లకు మొబైల్ డేటానే ఏకైక ఇంటర్నెట్. అందుకే ఈ నెల ఇంటి నెట్‌ను బాగుచేసుకునే పద్ధతిని వరుసగా చెబుతున్నాం. మొదటి అయిదు మెట్లకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. చాలా ఇళ్లలో సమస్య అక్కడే తీరిపోతుంది.

1. ముందుగా చూడాల్సింది: ఈ రోజు డేటా అయిపోయిందా?

మనలో ఎక్కువమంది వాడేది రోజుకు 1.5 జీబీ లేదా 2 జీబీ ప్లాన్. ఆ కోటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, 4జీ అన్న అక్షరాలూ అలాగే ఉంటాయి. అందుకే “టవర్ బాగాలేదు” అనుకుంటాం.

64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 ఎంబీ ఉన్న ఒక చిన్న వర్క్‌షీటు దిగడానికి ఆ వేగంతో నాలుగు నిమిషాల పైనే పడుతుంది. వీడియో మాట మరిచిపోవాల్సిందే.

కోటా ఎంత త్వరగా కరిగిపోతుందో కూడా లెక్క వేద్దాం. యూట్యూబ్‌లో 720పీ నాణ్యతతో వీడియో ఆగకుండా నడవాలంటే దాదాపు 2.5 ఎంబీపీఎస్ వేగం కావాలని గూగుల్ చెబుతుంది. ఆ లెక్కన గంటకు సుమారు 1.1 జీబీ ఖర్చవుతుంది. అదే 360పీకి 0.7 ఎంబీపీఎస్ చాలు, గంటకు 315 ఎంబీ చుట్టూ తేలుతుంది. బ్లాక్‌బోర్డు మీద లెక్క చూడటానికి చాలాసార్లు 360పీ లేదా 480పీ సరిపోతుంది. అంటే పొద్దున ఒక గంట సినిమా పాటలు 720పీలో చూస్తే, 1.5 జీబీ ప్లాన్‌లో సాయంత్రం పాఠానికి మిగిలేది ఏమంత ఉండదు.

చేయాల్సినవి ఇవి:
- మీ కంపెనీ యాప్‌లో ఈ రోజు మిగిలిన డేటా ఎంతో చూడండి. నెట్ స్లో అన్న ప్రతిసారీ మొదట చూడాల్సింది ఇదే.
- వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా ఆపండి. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు కూడా పిల్లల కోటానే తింటాయి.
- ప్లే స్టోర్‌లో యాప్ అప్‌డేట్లను “వైఫై ఉన్నప్పుడే” అని పెట్టండి. ఫొటోల బ్యాకప్‌కూ అదే పని చేయండి.
- యూట్యూబ్‌లో మొబైల్ డేటా మీద వీడియో నాణ్యతను “డేటా సేవర్”లో ఉంచండి.

2. గీతలను నమ్మకండి, అంకె చూడండి

ఫోన్ పైన కనిపించే సిగ్నల్ గీతలకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలత లేదు. ఒక ఫోన్‌లో మూడు గీతలు చూపే చోట ఇంకో ఫోన్ రెండే చూపవచ్చు. అసలు కొలత డీబీఎం అనే అంకెలో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ అనే వరుసలో వెళ్తే “సిగ్నల్ స్ట్రెంగ్త్” దగ్గర ఈ అంకె కనిపిస్తుంది. ఫోన్‌ను బట్టి మెనూ పేర్లు కాస్త మారతాయి. ఐఫోన్‌లో *3001#12345#* అని డయల్ చేస్తే ఆ వివరాలున్న పేజీ తెరుచుకుంటుంది.

ఈ అంకె ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ సిగ్నల్ బలంగా ఉన్నట్టు. 4జీ విషయంలో ఉజ్జాయింపుగా ఇలా గుర్తుపెట్టుకోండి:

- మైనస్ 80 కంటే మెరుగు: చాలా బాగుంది
- మైనస్ 80 నుంచి 90: బాగుంది
- మైనస్ 90 నుంచి 100: పరవాలేదు
- మైనస్ 100 నుంచి 110: బలహీనం, లైవ్ క్లాసు ఆగి ఆగి నడుస్తుంది
- మైనస్ 110 కంటే తక్కువ: ఏ పనికీ నమ్మకం లేదు

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఈ కొలతలో 10 తేడా అంటే పదో వంతు కాదు, పది రెట్లు. ఉదాహరణకు కిటికీ దగ్గర మైనస్ 95, లోపలి గదిలో మైనస్ 110 వచ్చాయనుకోండి. చూడటానికి 15 తేడానే. కానీ లోపలి గదికి అందుతున్న శక్తి కిటికీ దగ్గర అందేదానిలో ముప్పయ్యో వంతు మాత్రమే. నాలుగడుగులు జరిగితే నెట్ ఎందుకు అంతగా మారిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈ కొలత పని పిల్లలకే అప్పగించండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఇది మంచి సైన్స్ ప్రాజెక్టు కూడా. ఒక నోట్‌బుక్‌లో ఇంటి పటం గీయించి, హాలు, వంటగది, పడకగది, వరండా, మేడ మెట్లు ఇలా ఒక్కో చోట నిలబడి అంకె రాయించండి. ఒక్కో చోట అర నిమిషం ఆగాలి, ఎందుకంటే ఫోన్ ఆ అంకెను వెంటనే మార్చదు.

3. టవర్ బాగానే ఉంది, ఇల్లే అడ్డం

ఊరి నడిమధ్యలో ఉన్న ఇంట్లో కూడా సిగ్నల్ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం గోడలు, పైకప్పు.

ఇనుప రేకులు రేడియో తరంగాలను దాదాపు తిప్పికొడతాయి. పైన, పక్కలా రేకులే ఉన్న గదిలో సిగ్నల్ తలుపు, కిటికీల గుండా రావాల్సిందే. సిమెంటు రేకులు అంతగా అడ్డుకోవు. పాత గూనపెంకుల ఇళ్లలో పైకప్పు పెద్ద అడ్డం కాదు గానీ, రెండడుగుల మందం ఉన్న మట్టి గోడలు, రాతి గోడలు బాగానే మింగేస్తాయి. స్లాబు ఇళ్లలో కాంక్రీటు, అందులోని ఇనుప చువ్వలు రెండూ అడ్డమే. రెండంతస్తుల ఇంట్లో కింది మధ్య గది అన్నిటికంటే కష్టమైన చోటు.

గది లోపల కూడా చూడండి. ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ వెనక, నీళ్ల ట్యాంకు కింద ఫోన్ పెడితే సిగ్నల్ తగ్గుతుంది. నీళ్లు రేడియో తరంగాలను పీల్చుకుంటాయి. అందుకే దట్టమైన వేప, చింత చెట్లు ఇంటికీ టవర్‌కూ మధ్యన ఉంటే వానాకాలంలో ఆకు తడిసినప్పుడు తేడా కనిపిస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఉండేవాళ్లకు ఇంకో సంగతి: పెద్ద రేకుల షెడ్డు మీ ఇంటికీ టవర్‌కూ మధ్య పడితే దాని వెనక నీడ పడినట్టు సిగ్నల్ తగ్గిపోతుంది. అదే షెడ్డు ఇంకో దిక్కున ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు.

తరంగాల్లో కూడా రకాలున్నాయి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడల్లోంచి కాస్త బాగా దూరుతాయి. 1800, 2300 మెగాహెర్ట్జ్, 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ వేగం ఇవ్వగలవు గానీ గోడ దగ్గరే అలసిపోతాయి. బయట వాకిట్లో 5జీ పరుగెత్తి, లోపలికి రాగానే 4జీకి మారి నెమ్మదించడానికి కారణం ఇదే. 5జీ గుర్తు వచ్చీ పోతూ ఉంటే, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 4జీకి మార్చి చూడండి. అటూ ఇటూ ఊగే 5జీ కంటే నిలకడగా ఉన్న 4జీ క్లాసుకు మేలు.

4. ఫోన్ కిటికీలో, చదువు టేబుల్ దగ్గర

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే పాటించాలనుకుంటే ఇది పాటించండి. సిగ్నల్ ఎక్కడ బాగుంటే అక్కడికి పిల్లలను పంపకండి, ఫోన్‌ను పంపండి.

మీ నోట్‌బుక్‌లో మంచి అంకె వచ్చిన కిటికీ దగ్గర ఒక ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి, హాట్‌స్పాట్ ఆన్ చేయండి. పిల్లలు లోపల కూర్చుని ఇంకో ఫోన్‌లోనో, ట్యాబ్‌లోనో, లాప్‌టాప్‌లోనో ఆ వైఫై వాడుకుంటారు. టవర్ నుంచి కిటికీ వరకు వచ్చే దారి కష్టమైనది, దాన్ని మంచి చోట ఉన్న ఫోన్ చూసుకుంటుంది. కిటికీ నుంచి టేబుల్ వరకు ఉన్న అయిదారు మీటర్లు వైఫైకి ఒక లెక్క కాదు.

హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు ఎంపికలు ఉంటాయి. మధ్యలో గోడ ఉంటే 2.4 ఎంచుకోండి, అది గోడ దాటుతుంది. ఒకే గదిలో ఉంటే 5 మంచిది, వేగం ఎక్కువ. హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి. పక్కింటి వాళ్ల ఫోన్ అప్‌డేట్లు మీ కోటాలోంచి పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఎండ నేరుగా పడే కిటికీలో మాత్రం ఫోన్ పెట్టకండి. సూర్యాపేట ఎండలకు ఫోన్ వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది.

ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే, చదువు టేబుల్‌నే ఆ కిటికీ పక్కకు జరపండి. పిల్లలు సిగ్నల్ కోసం మేడ మీదికి వెళ్లి, పిట్టగోడ లేని చోట చీకట్లో ఫోన్ చూస్తూ నడవడం మాత్రం ఏ పరీక్ష కోసమూ వద్దు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు అసలే వద్దు.

5. రాత్రి 8 గంటలకే ఎందుకు స్లో?

ఒక టవర్ ఇచ్చే వేగాన్ని ఆ సమయంలో వాడుతున్న వాళ్లందరూ పంచుకుంటారు. పొలం పనుల నుంచి, దుకాణాల నుంచి అందరూ ఇంటికి చేరి ఫోన్ పట్టుకునే రాత్రి 7 నుంచి 10 గంటల మధ్య రద్దీ ఎక్కువ. ఐపీఎల్ రోజుల్లో ఇంకా ఎక్కువ. అప్పుడు అంకె మైనస్ 85 ఉన్నా వేగం రాదు. ఇది సిగ్నల్ లోపం కాదు, రద్దీ. కిటికీ మార్చినా, ఫోన్ మార్చినా తీరదు.

దీన్ని గుర్తుపట్టడం సులువు. ఒకే ఫోన్‌తో, ఒకే చోట పొద్దున 6కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి స్పీడ్ టెస్ట్ చేయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చే “మైస్పీడ్” యాప్ ఇందుకు ఉంది. ఒక్కో టెస్టుకు పదుల ఎంబీల డేటా ఖర్చు కావచ్చు కాబట్టి రోజుకు మూడుకు మించి చేయకండి. మూడు అంకెలు చూడాలి: డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్. వీడియో చూడటానికి డౌన్‌లోడ్, హోంవర్క్ ఫొటోలు పంపడానికి అప్‌లోడ్, లైవ్ క్లాసులో మాట తడబడకుండా ఉండటానికి పింగ్ ముఖ్యం. పింగ్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. జూమ్‌లో గ్రూప్ క్లాసుకు మామూలు నాణ్యతతో సుమారు 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్, 0.6 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ సరిపోతాయి. అంటే చదువుకు 100 ఎంబీపీఎస్ అక్కర్లేదు. నిలకడగా 3, 4 ఎంబీపీఎస్ వస్తే ఒక పిల్లవాడి చదువుకు చాలు.

స్పీడ్ టెస్టులో వచ్చేది మెగాబిట్లు, ఫైలు సైజు ఉండేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 ఎంబీ కాదు, 5 ఎంబీ. ఈ తేడా తెలియక కంపెనీ మోసం చేసిందనుకునేవాళ్లు చాలామంది.

రద్దీ ఉంటే మందు ఒక్కటే, సమయం మార్చడం. రివిజన్ వీడియోలను తెల్లవారుజామున డౌన్‌లోడ్ చేసి, సాయంత్రం నెట్ లేకుండా చూపించండి. డేటా కోటా అర్ధరాత్రి మళ్లీ నిండుతుంది కాబట్టి పొద్దున లేవగానే చదువుకు కావాల్సినవి ముందు దించేస్తే, మిగిలింది రోజంతా ఇంటి అవసరాలకు.

6. ఫోన్, సిమ్ ఒకసారి చూడండి

- పాత రెండు సిమ్‌ల ఫోన్లు కొన్నింటిలో ఒక స్లాటుకే 4జీ ఉంటుంది. డేటా సిమ్‌ను మొదటి స్లాటులోకి మార్చి చూడండి.
- ఏళ్ల కిందట తీసుకున్న సిమ్ 4జీకి ముందుదైతే కంపెనీ స్టోరులో మార్పించుకోవాలి. నంబరు అదే ఉంటుంది. బీఎస్ఎన్ఎల్ వాడేవాళ్లు ముఖ్యంగా ఇది చూసుకోండి. ఆ సంస్థ స్వదేశీ 4జీ నెట్‌వర్క్ 2025 సెప్టెంబర్ 27న అధికారికంగా ప్రారంభమైంది. పాత సిమ్‌తో ఆ 4జీ రాదు.
- విదేశాల్లో ఉన్న మనవాళ్లు తెచ్చిన ఫోన్లలో కొన్నింటికి మన దేశంలో వాడే తరంగాలన్నీ అందవు. పక్కన ఉన్న మామూలు ఫోన్‌లో అదే సిమ్ వేసి పోల్చి చూస్తే తెలిసిపోతుంది.
- నెట్ ఉన్నట్టుండి ఆగితే ఫ్లైట్ మోడ్ వేసి పది సెకన్లు ఆగి తీసేయండి. ఫోన్ మళ్లీ టవర్‌ను వెతుక్కుంటుంది.
- లోహపు కవరు ఉంటే తీసి చూడండి.
- “సిగ్నల్ పెంచుతాం” అని చెప్పే యాప్‌లు, ఫోన్ వెనక అంటించే స్టిక్కర్లు సిగ్నల్‌ను పెంచలేవు. యాప్‌లు పైగా ప్రకటనలతో మీ డేటానే తింటాయి.

7. నెట్‌వర్క్ మార్చే ముందు

“మా బావమరిది వాళ్లకు ఆ కంపెనీ బాగా వస్తుందట” అని మార్చకండి. ఆయన ఇల్లు కోదాడలో, మీ ఇల్లు ఆత్మకూర్‌లో. రెండు వీధుల తేడాతోనే ఫలితం మారుతుంది. మిగతా కంపెనీల సిమ్ ఉన్న బంధువులో, పక్కింటివాళ్లో మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు చదువు కోసం ఎంచుకున్న కిటికీ దగ్గరే, రాత్రి 8 గంటలకే వాళ్ల ఫోన్‌లో అంకె, వేగం రెండూ చూడండి. అంతకంటే మంచి సర్వే ఏదీ లేదు.

ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో 2జీ, 4జీ, 5జీ ఎక్కడెక్కడ అందుతుందో మ్యాపులు పెట్టాలి. మీ చుట్టూ టవర్లు ఎక్కడున్నాయో టెలికాం శాఖ “తరంగ్ సంచార్” పోర్టల్‌లో చూడవచ్చు. అక్కడ వెతికేటప్పుడు జాగ్రత్త. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆత్మకూర్ (ఎం) ఉంది, వనపర్తి జిల్లాలో ఆత్మకూరు ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు, నంద్యాల జిల్లాల్లోనూ ఆత్మకూరులున్నాయి. పైగా టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్, పేరు కూడా “ఆంధ్రప్రదేశ్” సర్కిలే. కాబట్టి జిల్లా పేరు, పిన్‌కోడ్ చూసుకుని మన ఊరినే ఎంచుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు కూడా “సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్)” అని పూర్తిగా చెప్పండి.

మార్చాలని నిర్ణయించుకుంటే నంబరు మార్చనక్కర్లేదు. “పోర్ట్” అనే మాటను ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు జోడించి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. దాని గడువు నాలుగు రోజులు. ప్రస్తుత కంపెనీలో కనీసం 90 రోజులు పూర్తయి ఉండాలి. స్కూలు మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు ఈ నంబరుకే వస్తాయి కాబట్టి పరీక్షల వారంలో, ఫీజు కట్టే వారంలో పోర్టింగ్ పెట్టుకోకండి.

8. ఖర్చు పెట్టదలిస్తే ఎక్కడ పెట్టాలి?

ఇద్దరు ముగ్గురు పిల్లలు చదువుకునే ఇంట్లో రోజూ ఫోన్ హాట్‌స్పాట్ కష్టమే. అప్పుడు మొదట అడగాల్సింది ఫైబర్ కనెక్షన్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఉండేవాళ్లకు ఇదే ఉత్తమం. ఊళ్లలో ఉండేవాళ్లు కూడా స్థానిక కేబుల్ ఆపరేటర్‌నూ, బీఎస్ఎన్ఎల్ ఆఫీసునూ ఒకసారి అడగండి. రోజువారీ కోటా గొడవ ఉండదు, గోడల గొడవా ఉండదు.

ఫైబర్ రాని చోట సిమ్ వేసే 4జీ లేదా 5జీ రౌటర్ రెండో మార్గం. ఇది కిటికీలో పెట్టిన ఫోన్ చేసే పనే చేస్తుంది, కాకపోతే ఇంకా బలంగా, ఎక్కువ పరికరాలకు. కొనేముందు ఏ సిమ్ అయినా పనిచేస్తుందో, బయటి యాంటెన్నా తగిలించే వీలుందో అడగండి. దుకాణంవాళ్లు ఒప్పుకుంటే ఇంట్లో పెట్టి చూశాకే డబ్బు కట్టండి. ఇంటి మీద యాంటెన్నా బిగిస్తే, ఉరుములప్పుడు దాని వైరు, రౌటర్ ప్లగ్గు రెండూ తీసేయాలి. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి పరీక్ష రోజు ఫోన్ హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉంచుకోండి.

9. కొనకూడనివి, నమ్మకూడనివి

సిగ్నల్ బూస్టర్, రిపీటర్ పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టెలు అమ్ముతుంటారు. వీటిని కొనకండి. మొబైల్ సిగ్నల్ బూస్టర్లను లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలు తప్ప వ్యక్తులు పెట్టుకోవడం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ స్పష్టంగా చెప్పింది. కారణం న్యాయమైనదే. అది మీ ఇంటికి సిగ్నల్ పెంచే తొందరలో టవర్ దగ్గర గోల పుట్టించి, చుట్టుపక్కల ఇళ్ల కాల్స్‌ను చెడగొడుతుంది. పైన చెప్పిన రౌటర్ అలాంటిది కాదు. అది ఫోన్‌లాగే టవర్‌తో మాట్లాడి, ఇంట్లోకి వైఫై మాత్రమే ఇస్తుంది.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లకు ఇంకో బెడద ఉంది. “మీ స్థలంలో టవర్ పెడతాం, నెలనెలా అద్దె ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి” అని ఫోన్లు, మెసేజ్‌లు వస్తాయి. ట్రాయ్ పేరుతోనో, టెలికాం శాఖ పేరుతోనో అనుమతి పత్రం కూడా పంపుతారు. టవర్ పెట్టడానికి ట్రాయ్ ఎవరికీ అనుమతి పత్రాలు ఇవ్వదు, డబ్బూ అడగదు. అలాగే “మీ సిమ్‌ను 5జీకి మారుస్తాం, ఓటీపీ చెప్పండి” అనే వాళ్లకు ఓటీపీ చెబితే మీ నంబరే వాళ్ల చేతుల్లోకి పోవచ్చు, దాని వెనకే బ్యాంకు ఖాతా. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఇంట్లో ఫోన్ ఎక్కువగా పిల్లల చేతుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ మాట వాళ్లకూ, తాతయ్యలు నానమ్మలకూ చెప్పి ఉంచండి.

10. ఫిర్యాదు ఎలా చేయాలి?

ఇంటి బయట, వాకిట్లో నిలబడినా అంకె మైనస్ 110 దగ్గరే ఉంటే, మూడు పూటలా వేగం రాకపోతే, తప్పు మీ ఇంటిది కాదు. అప్పుడు ఫిర్యాదు మీ హక్కు.

- మీ కంపెనీ నంబరు నుంచి 198కి ఫోన్ చేయండి. డాకెట్ నంబరు అడిగి తీసుకుని, తేదీతో రాసుకోండి.
- “నెట్ స్లో” అని మాత్రమే చెప్పకండి. “ఫలానా తేదీ రాత్రి 8కి, ఫలానా వీధిలో, ఆరుబయట మైనస్ 112, డౌన్‌లోడ్ ఇంత” అని చెప్పండి. మీ పిల్లలు రాసిన నోట్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది.
- గడువులోగా పరిష్కారం రాకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. ఆ గడువు ముగిశాక 30 రోజుల్లోగా అప్పీలు చేయాలి.
- అప్పటికీ తేలకపోతే టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగం ఉంది, నంబరు 1063. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను తీసుకోదు.
- మీ వీధిలో అందరికీ ఇదే బాధ ఉంటే ఎవరికి వారే ఫిర్యాదు చేయండి. ఒక్క డాకెట్ కంటే పది డాకెట్లకు బలం ఎక్కువ.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీస వేగం 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. అంతకుముందు అది 512 కేబీపీఎస్ మాత్రమే. ఫిర్యాదులో ఈ అంకెను గుర్తుచేయండి.

ఈ వారం ఇలా చేయండి

సోమవారం: వాట్సాప్, ప్లే స్టోర్, యూట్యూబ్ సెట్టింగ్స్ మార్చండి. రాత్రికి ఎంత డేటా మిగిలిందో రాయండి.
మంగళవారం: ఇంటి పటం గీసి, గది గదికీ అంకె రాయించండి.
బుధ, గురువారాలు: మంచి కిటికీ దగ్గర మూడు పూటలా స్పీడ్ టెస్ట్.
శుక్రవారం: కిటికీలో ఫోన్, హాట్‌స్పాట్‌తో ఒక పాఠం చూపించండి.
శనివారం: వేరే కంపెనీ సిమ్ ఉన్నవాళ్లను టీకి పిలిచి, అదే కిటికీ దగ్గర పోల్చండి.
ఆదివారం: అందరూ కూర్చుని నిర్ణయించుకోండి. సెట్టింగ్స్ చాలా, సమయం మార్చాలా, సిమ్ మార్చాలా, ఫైబర్ అడగాలా, ఫిర్యాదు చేయాలా?

ఈ నోట్‌బుక్ పేజీని ఫొటో తీసి క్లాస్ టీచర్‌కు పంపండి, లేదా డైరీతో పాటు పిల్లలకిచ్చి పంపండి. మీ ఇంట్లో రాత్రి నెట్ రాదని అంకెలతో తెలిస్తే, ఆ పిల్లలకు వీడియోకు బదులు ప్రింటు వర్క్‌షీటు ఇవ్వవచ్చు, అప్‌లోడ్‌కు మరుసటి రోజు పొద్దున వరకు సమయం అడగవచ్చు. నెట్ రాకపోవడం పిల్లల తప్పు కాదు, దాని వల్ల వాళ్ల మార్కులు తగ్గకూడదు. అలాగే, నెట్ బాగానే ఉందని ఆ పేజీయే చెబితే, “నెట్ రాలేదు సార్” అన్న మాట గురించి ఇంట్లో నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఏదైనా సరే, అనుమానంతో కాకుండా కొలిచి చూసి మాట్లాడదాం.